ఏ పనికి ఏ విజ్ఞాన సర్వస్వం? చదువుకునేవారికీ చెప్పేవారికీ ఒక ఎంపిక సలహా

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాల మాట ఎత్తగానే ముందుగా వచ్చే ప్రశ్న ‘వీటిలో ఏది నమ్మొచ్చు?’ అని. అలా అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు ఉండదు. 2005 డిసెంబరులో నేచర్ పత్రిక వికీపీడియా నుంచీ బ్రిటానికా నుంచీ ఒకే అంశం మీది సైన్సు వ్యాసాలు 42 జతలు తీసుకుని, ఏది ఎక్కడిదో చెప్పకుండా ఆయా రంగాల నిపుణుల చేత దిద్దించింది. సగటున వికీపీడియా వ్యాసానికి నాలుగు లోపాలు, బ్రిటానికా వ్యాసానికి మూడు తేలాయి. మూల భావననే తప్పుగా చెప్పిన పెద్ద పొరపాట్లు మొత్తం ఎనిమిది; చెరి నాలుగు. పరీక్ష జరిపిన తీరే తప్పని బ్రిటానికా 2006లో గట్టిగా ఖండించింది. నేచర్ తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ తగువు ఎలా ఉన్నా మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మూడు తప్పులున్న వ్యాసమైనా నాలుగున్నదైనా, అవి ఏ వాక్యాల్లో దాక్కున్నాయో చదివే పిల్లవాడికి తెలియదు. అందుకని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఇది: ఇందులో తప్పుంటే పట్టుకునే దారి నాకు చూపించారా? ఆ దారిన వెళ్లేంత తీరిక, చదువు, భాష నాకున్నాయా? ఈ రెండు ప్రశ్నలూ వేసుకుని చూస్తే ఒక్కో విజ్ఞాన సర్వస్వానికి ఒక్కో చోటు కుదురుతుంది.

వికీపీడియా

2001 జనవరి 15న మొదలైంది. దానికి ముందు అదే బృందం న్యూపీడియా అని ఒకటి నడిపింది. రాసేవాళ్లు ఆ విషయంలో పండితులై ఉండాలి, ఏడు దశల పరిశీలన దాటితే గానీ వ్యాసం బయటికి రాదు. 2003లో మూతపడేనాటికి అలా గడప దాటినవి పాతిక వ్యాసాల దాకా, అంతే. ఆ పద్ధతిని వికీపీడియా తలకిందులు చేసింది: ముందు ప్రచురణ, తరవాత దిద్దుబాటు. దాని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే పుట్టాయి.

బలం సంగతి. వాక్యం పక్కనే మూలం అంకె ఉంటుంది. ‘చరిత్ర’ నొక్కితే వ్యాసం పుట్టిన రోజు నుంచి ప్రతి మార్పూ తేదీతో, సమయంతో, చేసినవారి పేరుతో సహా కనిపిస్తుంది. ‘చర్చ’ పేజీలో రాసినవాళ్ల వాదోపవాదాలు ఉంటాయి. లోపలి వంటిల్లు ఇంతగా తెరిచి చూపించే విజ్ఞాన సర్వస్వాలు అరుదు. తాజాదనంలోనూ దీనికి పోటీ తక్కువ. 2006 ఆగస్టు 24న అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చినప్పుడు, అచ్చు పుస్తకాలు కొత్త ముద్రణ కోసం ఆగాల్సి వచ్చింది. వికీలో అలాంటి మార్పుకు ఎవరో ఒకరు పూనుకుంటే చాలు.

బలహీనత ఏమిటంటే కాపలా అన్ని వ్యాసాలకూ ఒకేలా ఉండదు. జనం ఎక్కువగా చూసే ఇంగ్లీషు వ్యాసాల మీద వందల మంది కన్నేసి ఉంటారు. గొడవలు ఎక్కువైన పేజీకి తాళం గుర్తు పడుతుంది. వెండి రంగు తాళం ఉంటే, కనీసం 4 రోజుల వయసు, 10 మార్పుల అనుభవం ఉన్న ఖాతాకే దిద్దే వీలుంటుంది. బూతులు రాసినా, పేజీ అంతా చెరిపినా క్లూబాట్ ఎన్‌జీ లాంటి బాట్లు (మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములు) చాలావరకు నిమిషాల్లోనే వెనక్కి తిప్పేస్తాయి. కానీ 1857ను ఎవరైనా 1875 చేస్తే? అది బూతు కాదు, వ్యాకరణ దోషం కాదు, చూడ్డానికి మామూలు దిద్దుబాటులాగే ఉంటుంది. అంకెల్లో చేసే చిలిపి పనులు అందుకే ఎక్కువ కాలం బతుకుతాయి. తేదీలు, జనాభా, విస్తీర్ణం, ఎత్తు, మరణాల సంఖ్య ఏవైనా సరే, వికీ నుంచి తీసుకుంటే రెండో చోట చూసే తీరాలి.

మారుమూల అంశాల్లో ముప్పు ఇంకా పెద్దది. ఇంగ్లీషు వికీపీడియాలో బిచోలిం యుద్ధం గురించి ఒక పెద్ద వ్యాసం ఉండేది. 17వ శతాబ్దంలో గోవా పోర్చుగీసువారికీ మరాఠాలకూ మధ్య జరిగినట్టు, ఫుట్‌నోట్లతో సహా పకడ్బందీగా రాసి ఉంది. ‘మంచి వ్యాసం’ అన్న గుర్తింపు కూడా వచ్చింది. అసలు అలాంటి యుద్ధమే జరగలేదు. మూలాలుగా చూపించిన పుస్తకాలే లేవు. 2007లో పుట్టిన ఆ కట్టుకథ 2012 చివరి వరకూ నిలబడింది. ఆ వ్యాసాన్ని ఎందరు చదివారో గానీ, ఫుట్‌నోటులోని ఒక్క పుస్తకం పేరును ఏ గ్రంథాలయం జాబితాలోనైనా వెతికి ఉంటే పది నిమిషాల్లో గుట్టు రట్టయ్యేది. ఫుట్‌నోటు ఉండటం వేరు, దాన్ని తెరిచి చూడటం వేరు.

ఇన్ని మాటలన్నాక కూడా మా అభిప్రాయం మారదు: ఒక విషయంలో తొలి అడుగు వేయడానికి, దాని పరిభాష తెలుసుకోవడానికి, ఏ పుస్తకాలు చదవాలో కనుక్కోవడానికి వికీపీడియాను మించినది లేదు. గణితం, భౌతిక శాస్త్రం, కంప్యూటర్లు, జీవశాస్త్రంలోని స్థిరపడిన అంశాల్లో ఇంగ్లీషు వికీ బాగా నిలబడుతుంది. (గణిత వ్యాసాలు మరీ నిలబడతాయి. ఎంతగా అంటే, అప్పటికే విషయం తెలిసినవారికి తప్ప అర్థం కావు.) బతికున్న మనుషులు, కంపెనీలు, కాలేజీలు, ఊళ్ల గొప్పలు, నిన్నటి వార్తలు: వీటి దగ్గర మాత్రం జాగ్రత్త రెట్టింపు కావాలి. అక్కడ రాసేవారికి సొంత లాభం ఉండే అవకాశం ఎక్కువ.

బ్రిటానికా, దాని తీరులో నడిచేవి

1768లో ఎడింబరోలో విడతలుగా మొదలైన బ్రిటానికా 2010 నాటి 32 సంపుటాల ముద్రణతో అచ్చు ఆపేసింది; ఆ సంగతి 2012లో ప్రకటించారు. ఇప్పుడున్నది ఆన్‌లైన్‌లోనే. ఇక్కడ పెద్ద వ్యాసాల కింద రాసినవారి పేరు ఉంటుంది, జీతం తీసుకునే సంపాదకులు చూసి దిద్దుతారు. వ్యాస చరిత్ర అనే లంకె ఉంది గానీ, అందులో ఏ తేదీన ఏ రకం మార్పు జరిగిందో ఒక్క ముక్కలో చెబుతారు. పాత వాక్యం ఏది, కొత్త వాక్యం ఏది అని పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు వికీలో ఉన్నట్టు ఉండదు.

బడి పిల్లలకు బ్రిటానికా నచ్చడానికి అసలు కారణం నమ్మకం కన్నా రాత. ఒక మనిషి ఒక వరుసలో ఆలోచించి రాసిన వ్యాసం అది. మొదలు, నడక, ముగింపు ఉంటాయి. ఏది ముఖ్యం, ఏది చిల్లర అన్న తూకం ఉంటుంది. వికీ వ్యాసంలో ఆ తూకం తరచూ తప్పుతుంది: ఒక రాజు నలభై ఏళ్ల పాలనకు రెండు పేరాలు, అతని మీద వచ్చిన సినిమాలకు ఐదు. మొదటిసారి ఒక అంశం చదివే పిల్లలకు ఈ తేడా చాలా ముఖ్యం. ఏది పెద్ద విషయమో వాళ్లు పేరాల పొడుగును బట్టే అనుకుంటారు.

చిక్కు ఎక్కడంటే, ఇక్కడ వాక్యం పక్కన ఫుట్‌నోటు అంకెలు ఉండవు. రాసిన మనిషిని నమ్మి ముందుకు వెళ్లడమే. పై చదువులకు వెళ్లేకొద్దీ అది సరిపోదు. పైగా వ్యాసాల సంఖ్య తక్కువ, పూర్తి వ్యాసాల్లో కొన్ని చందా కడితేనే తెరుచుకుంటాయి, ఉచిత పేజీల్లో ప్రకటనలు అడ్డం పడతాయి. బడుల కోసం విడిగా నడిపే బ్రిటానికా స్కూల్‌లో ప్రకటనలు ఉండవు, ఒకే అంశం ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత అని మూడు స్థాయిల్లో దొరుకుతుంది. చందా కట్టే ముందు మీ గ్రంథాలయానికి అది ఉందేమో అడగండి. చాలా సంస్థలకు ఉండి కూడా ఎవరూ వాడరు.

ఒకే విషయానికి కట్టుబడ్డవి

కాలేజీ విద్యార్థులు తక్కువగా వాడేవి, ఎక్కువగా వాడాల్సినవి ఇవే. తత్వశాస్త్రానికి స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఉంది. 1995 నుంచి ఉచితంగా నడుస్తోంది. ప్రతి వ్యాసాన్నీ ఆ అంశంలో పని చేసిన పండితుడు పేరు పెట్టి రాస్తాడు, సంపాదక మండలి పరీక్షిస్తుంది, చివర గ్రంథాల పట్టిక ఉంటుంది. దీనికో మంచి ఏర్పాటు ఉంది: ఏడాదికి నాలుగుసార్లు, ఋతువుల పేర్లతో, మొత్తం సర్వస్వాన్ని ఉన్నది ఉన్నట్టు భద్రపరుస్తారు. ఆ నకలు మారదు. మీరు ఒక వాక్యాన్ని ఉదహరిస్తే పదేళ్ల తరవాత కూడా మీ గురువుగారు అదే వాక్యం చూడగలరు.

గణితానికి మ్యాథ్‌వరల్డ్, మెదడు పనితీరును గణిత నమూనాలతో చదివే శాస్త్రం లాంటి ఇరుకైన రంగాలకు స్కాలర్‌పీడియా ఉన్నాయి. స్కాలర్‌పీడియా 2006లో మొదలైంది. వికీ సాఫ్ట్‌వేరే, కానీ వ్యాసాన్ని తోటి శాస్త్రవేత్తలు ఒప్పుకోవాలి. దాన్ని వాడేటప్పుడు వ్యాసం ఎప్పటిదో తప్పక చూడండి. ఇలాంటి చోట్ల రాసినవారు తమ పనిలో పడిపోతే వ్యాసం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

పదో తరగతి పిల్లవాడి చేతిలో ఇవి పెట్టకండి. మొదటి పేరాలోనే వదిలేస్తాడు, ఆ విషయమే తనకు రాదనుకుంటాడు.

చిన్న పిల్లలకు

సింపుల్ ఇంగ్లీషు వికీపీడియా పిల్లల కోసం అని చాలామంది పొరబడతారు. అది తేలిక ఇంగ్లీషులో రాసినది. పిల్లల కోసం వడకట్టినది కాదు. ఇంగ్లీషు రెండో భాషగా చదివే పెద్దవాళ్లకూ అంతే ఉపయోగం. రాసేవాళ్లు తక్కువ కాబట్టి కాపలా కూడా తక్కువే. ఒక ఉపాయం: పెద్ద వికీ వ్యాసం కొరుకుడు పడకపోతే, భాషల జాబితాలో ‘సింపుల్ ఇంగ్లిష్’ నొక్కి ఆ రెండు పేరాలు చదివి, మళ్లీ పెద్ద వ్యాసానికి రండి. కాలేజీ వాళ్లకూ ఇది పనికొస్తుంది, సిగ్గుపడక్కర్లేదు.

ఫ్రెంచిలో 2006లో మొదలైన వికిడియా 8 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసమని చెప్పి మరీ రాసినది. తరవాత ఇతర భాషల్లోకీ వచ్చింది. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు ఏ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వమైనా పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివితేనే పని జరుగుతుంది.

తెలుగులో చదివేవారికి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అది ఇంగ్లీషు వికీకి అనువాదం కాదని ముందు గుర్తుంచుకోవాలి. రెండింటి మూలాలు వేరు, రాసినవారు వేరు, ఒకచోట దిద్దిన తప్పు రెండోచోట అలాగే ఉండొచ్చు. తెలుగు సాహిత్యం, ఊళ్లు, కళాకారులు, సినిమాల దగ్గర తెలుగు వికీలో ఇంగ్లీషులో దొరకని వివరాలు దొరుకుతాయి. సైన్సు వ్యాసాల్లో చాలావరకు ‘మొలక’ స్థాయి దాటలేదు, అంటే నాలుగు వాక్యాలు రాసి వదిలేసినవి. కొన్ని చోట్ల యంత్రం చేసిన అనువాదం వాసన కొడుతుంది: కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో, రెండుసార్లు చదివినా ఎవరు ఎవరిని ఏం చేశారో తేలదు. అలాంటి పేరా తగిలితే అర్థం చేసుకోవాలని కుస్తీ పట్టకండి. ఇంగ్లీషు వ్యాసంలో అదే పేరా తెరవండి.

వ్యాసాల సంఖ్య చూసి ఏ భాషా సంచికనూ అంచనా వేయొద్దు. సెబువానో భాషా సంచికలో 60 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. అందులో అత్యధికం ఒక స్వీడిష్ వ్యక్తి నడిపిన బాటు రాసినవే. స్కాట్స్ భాషా సంచికలో వేల వ్యాసాలను ఆ భాషే రాని ఒక అమెరికన్ కుర్రాడు ఇంగ్లీషు మాటల స్పెల్లింగు మార్చి రాశాడని 2020లో గానీ బయటపడలేదు. చదివేవాళ్లు, దిద్దేవాళ్లు తక్కువైన చోట ఇలాగే ఉంటుంది.

తెలుగు మాధ్యమం వాళ్లకు వికీలో ఒక దాగిన సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ‘ఫోటోసింథసిస్’ వ్యాసం తెరిచి, భాషల జాబితాలో తెలుగు నొక్కితే ‘కిరణజన్య సంయోగ క్రియ’ దగ్గరికి చేరుస్తుంది. యంత్రానువాదం ఇచ్చే అతుకుల బొంత మాటకు బదులు పాఠ్య పుస్తకాల్లో వాడే మాటే దొరికింది. టీచర్లు పాఠం తయారు చేసుకునేటప్పుడు పరిభాషకు ఇది మంచి నిఘంటువు. అప్పుడప్పుడు లంకె సరిగ్గా కలవదు. ఇంగ్లీషులో ఒక జాతి పక్షి గురించి ఉంటే తెలుగులో ఆ కుటుంబం మొత్తం గురించి ఉండొచ్చు. మొదటి వాక్యంలోని శాస్త్రీయ నామం రెండు చోట్లా ఒకటేనా అని చూసుకుంటే ఆ పొరపాటు జరగదు.

యంత్రాలు రాసేవి

2025 అక్టోబరులో ఎక్స్‌ఏఐ సంస్థ గ్రోకిపీడియా పేరుతో కృత్రిమ మేధ రాసే విజ్ఞాన సర్వస్వం తెచ్చింది. చాట్‌బాట్లు సరేసరి. ఇవి భాషలో తడబడవు, అదే వీటితో చిక్కు. మనిషి రాసిన తప్పు వ్యాసంలో రాత కూడా తరచూ ఎక్కడో కుంటుతుంది, అనుమానం వస్తుంది. యంత్రం రాసిన తప్పు వాక్యం, ఒప్పు వాక్యం ఒకే నునుపుతో ఉంటాయి. ఇచ్చిన మూలం నిజంగానే ఉండొచ్చు, కానీ అందులో ఆ మాట లేకపోవచ్చు. మొదట వేసుకున్న ప్రశ్నతో కొలిస్తే వీటికి తరగతి గదిలో మూలంగా చోటు లేదు. అర్థం కాని పేరాను విడమరిచి చెప్పించుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

ఒక వాక్యాన్ని పది నిమిషాల్లో పరీక్షించడం

వికీ వ్యాసం మొత్తాన్ని ఎవరూ సరిచూడలేరు, అక్కర్లేదు కూడా. మీరు నోట్సులో రాసుకోబోయే వాక్యాన్ని చూస్తే చాలు. వరుస ఇలా:

1. వ్యాసం పైన పట్టీలు ఉన్నాయా చూడండి. ‘మూలాలు సరిపోవు’, ‘ఒక పక్షం వైపు మొగ్గింది’ లాంటి హెచ్చరికలు అక్కడే ఉంటాయి. ఇంగ్లీషులో కుడివైపు పైన కంచు నక్షత్రం ఉంటే విశేష వ్యాసం, ఆకుపచ్చ కూడిక గుర్తు ఉంటే మంచి వ్యాసం. బిచోలిం కథ గుర్తుంది కదా, గుర్తు చూసి ఆగిపోకండి.

2. ‘చరిత్ర’ నొక్కండి. గత రెండు మూడు రోజుల్లో ఒకరు రాయడం, ఇంకొకరు రద్దు చేయడం కనిపిస్తే అక్కడ గొడవ నడుస్తోందని అర్థం. గొడవ మొదలవక ముందటి కూర్పు తెరిచి, రెండింటినీ పోల్చండి.

3. మీ వాక్యం పక్కనున్న అంకె నొక్కి మూలం తెరవండి. ఇక్కడ నాలుగు రకాలుగా జరగొచ్చు. మూలంలో ఆ మాట ఉండొచ్చు, సంతోషం. లింకు చచ్చిపోయి ఉండొచ్చు. అప్పుడు పక్కనే భద్రపరిచిన నకలు లింకు ఉందేమో చూడండి, లేకపోతే ఆ చిరునామాను పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో వేయండి. మూలం ఉంది గానీ అందులో చెప్పింది వేరే కావొచ్చు. ఇది అనుకున్న దానికన్నా ఎక్కువ: ‘కొందరు అనుకుంటారు’ అన్న మాట వికీకి వచ్చేసరికి ‘నిరూపితమైంది’ అయిపోతుంది. నాలుగోది, మూలం ఒక పుస్తకం, పేజీ సంఖ్య లేదు. ఆ వాక్యాన్ని వాడకండి, లేదా పుస్తకం తెచ్చి వెతకండి.

4. మూలం తేదీకీ, ఆ వాక్యం వికీలోకి వచ్చిన తేదీకీ ఏది ముందో చూడండి. ఇంగ్లీషు వికీ చరిత్ర పేజీలో ఒక వాక్యం ఎప్పుడు చేరిందో వెతికే సాధనానికి లంకె ఉంటుంది.

ఈ నాలుగోది ఎందుకో చెప్పాలి. కోఆటి అనే అమెరికా ఖండపు జంతువు వ్యాసంలో 2008లో ఒక విద్యార్థి సరదాకి, దాన్ని ‘బ్రెజిల్ ఆర్డ్‌వార్క్’ అని కూడా అంటారని ఒక ముక్క చేర్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లకు వార్తా పత్రికలు వికీ చూసి ఆ పేరు వాడాయి. ఆ తరవాత వికీలో ఆ ముక్కకు మూలంగా ఆ వార్తే వచ్చి కూర్చుంది! అబద్ధం వికీ నుంచి పత్రికకు వెళ్లి, పత్రిక నుంచి ఆధారం అయి తిరిగొచ్చింది. రెండు చోట్ల చూశాను అని విద్యార్థి చెబితే, ఆ రెండో చోటు వికీ నుంచి ఎత్తిరాసినది కాదని ఎలా తెలిసిందో కూడా అడగాలి. మాటకు మాట ఒకేలా ఉంటే అది రెండో ఆధారం కాదు.

ఉదహరించడం, ఎత్తిరాయడం

వికీపీడియాను ఉదహరించవద్దని కాలేజీ విద్యార్థులకు 2006లో స్వయంగా దాని స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ చెప్పాడు. 2007లో అమెరికాలోని మిడిల్‌బరీ కాలేజీ చరిత్ర శాఖ అదే నియమం పెట్టింది. చదవొద్దని కాదు, ఆధారంగా చూపొద్దని. ఈ మాట బ్రిటానికాకూ వర్తిస్తుంది. విజ్ఞాన సర్వస్వం ఏదైనా ఇతరులు రాసినదాన్ని కుదించి చెప్పేదే, పరిశోధనకు అది మూడో చేతి సరుకు. పై చదువుల వ్యాసంలో ఉదహరించాల్సింది వికీ ఫుట్‌నోటు చూపించిన పుస్తకాన్ని, అదీ తెరిచి చదివాక. చదవకుండా ఫుట్‌నోటును తెచ్చి అతికిస్తే దొరికిపోతారు: వికీలో పేజీ సంఖ్య తప్పయితే మీ వ్యాసంలోనూ అదే తప్పు ఉంటుంది.

బడి ప్రాజెక్టుల్లో మాత్రం ఉదహరించనివ్వడమే మేలు. వద్దంటే పిల్లలు చూడటం మానరు, చూసిన సంగతి దాచడం నేర్చుకుంటారు. ఉదహరించేటప్పుడు మామూలు చిరునామా ఇస్తే పేజీ రేపు మారిపోవచ్చు. పక్క మెనూలోని ‘శాశ్వత లంకె’ నొక్కితే ఆ క్షణపు కూర్పు చిరునామా వస్తుంది. చివర ఓల్డ్‌ఐడీ అని ఒక పొడుగాటి అంకె ఉంటుంది. అది ఇచ్చి, చూసిన తేదీ రాయాలి.

వికీ పాఠ్యం క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది కాబట్టి టీచరు దాన్ని ముద్రించి తరగతికి పంచొచ్చు. ఎక్కడిదో చెప్పాలి, మార్పులు చేస్తే అదే లైసెన్సు ఇవ్వాలి. బ్రిటానికా వ్యాసాన్ని అలా నకళ్లు తీసి పంచడానికి అనుమతి కావాలి. బొమ్మల దగ్గర మరో మెలిక: వికీ పేజీలో ఉన్న ప్రతి బొమ్మా స్వేచ్ఛగా వాడుకునేది కాదు. బొమ్మ నొక్కి కింద లైసెన్సు చదవండి. సంస్థల లోగోలు, సినిమా పోస్టర్లు చాలావరకు ఆ వ్యాసానికే పరిమితం. ఇక పంచుకునే హక్కు ఉంది కదా అని విద్యార్థి తన పేరుతో ఎత్తిరాస్తే అది కాపీరైటు తగువు కాకపోవచ్చు గానీ పరీక్షలో కాపీయే.

తరగతి చేత రాయించాలనుకుంటే

వికీ మీద పిల్లలకు ఎన్ని హెచ్చరికలు చెప్పినా, ఒక్కసారి రాసి చూస్తే వచ్చే తెలివి రాదు. నాలుగు వారాలు చాలు. మొదటి వారం ఒక్కొక్కరు ఒక మొలక వ్యాసం ఎంచుకోవాలి. రెండో వారం రెండు మంచి మూలాలు వెతకాలి. మూడో వారం ‘ప్రయోగశాల’ పేజీలో మూడు వాక్యాలు, వాక్యానికో మూలంతో రాసి తోటివాళ్ల చేత దిద్దించుకోవాలి. నాలుగో వారం అసలు వ్యాసంలో చేర్చాలి. మూడు వాక్యాలంటే నవ్వొస్తుంది గానీ, మూలం మాటను సొంత మాటల్లో చెప్పడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

ముందుగా చూసుకోకపోతే మొదటి రోజే ఆగిపోయే చిక్కు ఒకటుంది. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి 24 గంటల్లో 6 ఖాతాలకు మించి తెరవనివ్వరు. నలభై మంది ఒకేసారి కంప్యూటర్ ల్యాబులో కూర్చుంటే ఏడోవాడి దగ్గర ఆగిపోతుంది. ఎవరి ఖాతా వారు ముందే ఇంటి దగ్గర తెరుచుకు రావాలి. అందరికీ కలిపి ఒకే ఖాతా పెట్టడం నిబంధనలకు విరుద్ధం. పిల్లలు అసలు పేరు, బడి పేరు ఖాతా పేరులో పెట్టకూడదు. చరిత్ర పేజీలో అది అందరికీ కనిపిస్తుంది. సొంత అభిప్రాయాలతో రాసిన వ్యాసం, పుస్తకం నుంచి దించేసిన పేరా ఈ రెండూ గంటల్లో తొలగిపోతాయి. తొలగించారని కోపం తెచ్చుకోకుండా, ఎందుకు తీసేశారో సారాంశం పెట్టెలో రాసింది చదివిస్తే అదే ఆ రోజు పాఠం.

ఇంటర్నెట్ లేని చోట

ఇక్కడ ఎంపిక చేయాల్సిన పని లేదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసుకుని, వికీపీడియా ఫైలు ఒకసారి దించుకుంటే తరవాత నెట్ అవసరం ఉండదు. ఫైలు పేరులో మ్యాక్సీ అని ఉంటే బొమ్మలతో సహా పూర్తి వ్యాసాలు. ఇంగ్లీషుది వంద జీబీ దాటుతుంది. నోపిక్ అంటే బొమ్మలు లేనిది, సుమారు సగం. మినీలో ప్రతి వ్యాసం తొలి భాగం మాత్రమే ఉంటుంది, మూడింటిలో చిన్నది ఇదే. తెలుగు ఫైలు వీటితో పోలిస్తే చాలా చిన్నది. పదేపదే జరిగే తప్పు ఒకటి: ఫైలంతా దిగాక పెన్‌డ్రైవ్‌లోకి వేస్తే ఎక్కదు, చూస్తే చోటు బోలెడు ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. అందులో ఉన్నవి వేరే చోటికి మార్చుకుని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే పడుతుంది.

ఫైలు పేరు చివర ఏడాది, నెల ఉంటాయి. పిల్లలు ప్రాజెక్టులో ‘చూసిన తేదీ’ రాసే చోట తాము చదివిన రోజుతో పాటు ఆ నెల కూడా రాయాలి. లేకపోతే రెండేళ్ల నాటి జనాభా లెక్క ఈ రోజు చూసినట్టు కనబడుతుంది.